కొండమీద సాధ్యమైనది ఊళ్లో ఎందుకు సాధ్యం కాదు? తిరుపతిలో సుస్థిర రవాణా

(తిరుపతిలో ఇంజనీరింగ్ విద్యార్థులు, నగరవాసులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగానికి పాఠం)

పెద్దలకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

సుస్థిర రవాణా అనే మాట ఈ మధ్య ప్రతి ప్రణాళికా పత్రంలోనూ కనిపిస్తున్నది. రోడ్డును నాలుగు వరుసలు చేసినా సుస్థిరమే, ఆరు వరుసలు చేసినా సుస్థిరమే, పైవంతెన కట్టినా సుస్థిరమే, ఆ వంతెన కింద నాలుగు పూలకుండీలు పెట్టినా సుస్థిరమే. అన్నింటికీ అతికే మాటతో దేనినీ తూచలేము కాబట్టి, ముందు దాని నిర్వచనం ఏమిటో చూసుకుని, తరువాత దాన్ని మన తిరుపతి, చిత్తూరు రోడ్ల మీద పెట్టి చూద్దాం.

నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్ అధ్యక్షతన పనిచేసిన ఐక్యరాజ్యసమితి కమిషన్ 1987లో సుస్థిర అభివృద్ధికి ఒక నిర్వచనం ఇచ్చింది. రాబోయే తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తికి గండి కొట్టకుండా, నేటి తరం తన అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని దాని సారాంశం. ఇది అందరికీ నచ్చింది, ఎందుకంటే ఇది ఎవరినీ ఏమీ మానుకొమ్మని అడగలేదు. రవాణాకు సంబంధించి ఇంతకంటే పనికివచ్చే నిర్వచనాన్ని 2001 ఏప్రిల్‌లో ఐరోపా సమాఖ్య రవాణా మంత్రుల మండలి ఆమోదించింది. అందులో మూడు భాగాలున్నాయి. వ్యక్తులు, వ్యాపారాలు, సమాజం తమ కనీస అవసరాలకు చేరవలసిన చోటికి సురక్షితంగా చేరగలగాలి, అది మనుషుల ఆరోగ్యానికీ ప్రకృతికీ చేటు చేయకూడదు, ఒక తరంలోని వారి మధ్యనే కాక తరతరాల మధ్య కూడా న్యాయం పాటించాలి అన్నది మొదటి భాగం. ఖర్చు భరించగలిగేదిగా ఉండాలి, ఒకటికి నాలుగు ప్రయాణ సాధనాలు ఎంచుకునే వీలుండాలి అన్నది రెండవ భాగం. భూమి ఇముడ్చుకోగలిగినంత మేరకే పొగనూ వ్యర్థాలనూ వదలాలి, తిరిగి పుట్టే వనరును అది పుట్టే వేగానికి మించి వాడకూడదు, నేలను వీలైనంత తక్కువగా ఆక్రమించాలి, చప్పుడు తగ్గించాలి అన్నది మూడవ భాగం.

ఈ నిర్వచనంలో వాహనాల వేగం గురించి ఒక్క మాట కూడా లేదని గమనించండి. చేరడం గురించే ఉంది. మన దేశం 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా ఇదే చెప్పింది: కదల్చవలసింది వాహనాలను కాదు, మనుషులను. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన లక్ష్యాలలో 11.2వది, 2030 నాటికి అందరికీ సురక్షితమైన, భరించగలిగే, అందుబాటులో ఉండే రవాణా కల్పించాలని చెప్పి, స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల అవసరాలను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకొమ్మన్నది. ఆ లక్ష్యం నెరవేరిందా లేదా అని చూడడానికి పెట్టిన కొలమానం ఏమిటంటే, జనాభాలో ఎంతమందికి 500 మీటర్ల నడకలో బస్ స్టాప్ ఉన్నది అని. నాకు ఈ కొలమానంతో ఒక పేచీ ఉన్నది. స్టాప్ ఉన్నంత మాత్రాన బస్సు వస్తుందని ఎవరు చెప్పారు? రేకుల షెల్టరు, దాని మీద నాయకుల ఫోటోలు, లోపల బెంచీ మీద పడుకున్న కుక్క, వీటన్నింటినీ లెక్కలో వేసుకుంటే మన ఊరికి మంచి మార్కులే రావచ్చు.

కాబట్టి నేను వాడే కొలబద్ద ఇంకొంచెం మొరటుగా ఉంటుంది. సొంత బండి లేని మనిషి, చెల్లించగలిగే ఖర్చుతో, ప్రాణభయం లేకుండా, తన పనికి వేళకు చేరి తిరిగి ఇల్లు చేరగలుగుతున్నాడా? తెల్లవారుజామున నాలుగున్నరకు పూలమార్కెట్టుకు వెళ్లవలసిన స్త్రీ, రుయా ఆసుపత్రిలో చూపించుకోవలసిన వృద్ధుడు, ఏర్పేడు దగ్గర చదువుకుంటూ రాత్రి రైలు దిగే విద్యార్థిని, ఈ ముగ్గురూ చేరగలిగితే మిగతావాళ్లందరూ చేరగలుగుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ కొలబద్దకు దాదాపుగా నిలబడే రవాణా వ్యవస్థను చూడడానికి మనం సిటీ బస్సులకు పేరుపడ్డ కొలంబియాలోని బొగొటాకో, బ్రెజిల్‌లోని కురిచీబాకో వెళ్లవలసిన పనిలేదు. అలిపిరి దాకా వెళితే చాలు.

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో మొదలైంది. అంతకు ముందు నడక, నడవలేనివారికి డోలీ. 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చిన తరువాత ఎక్కే దారి, దిగే దారి వేరయ్యాయి. అంటే కొత్త రోడ్డును పాతదానికి పక్కన కలిపి వెడల్పు చేయకుండా, రెండింటినీ చెరొక దిశకు కేటాయించారు. వాహనాలు ఎదురెదురుగా రావు గనుక, అన్ని మలుపులున్న కొండదారి కూడా బస్సులకు పనికివచ్చింది. సాధారణ దినాలలోనే 60, 70 వేల మంది స్వామిని దర్శించుకుంటారు. అంతమందిని చేర్చే ఆ వ్యవస్థను కొంచెం దగ్గరగా చూడండి. కొండకు వెళ్లే బస్సుకు టైమ్ టేబుల్ ఎవరూ అడగరు. ఒక బస్సు నిండితే కదులుతుంది, దాని వెనుక మరొకటి తలుపు తెరిచి ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. నడిచే భక్తుడి సంచిని కింద కౌంటర్లో తీసుకుని, చీటీ ఇచ్చి, పైన ఉచితంగా అప్పగిస్తారు. అలిపిరి దారిలో తలపైన కప్పు ఉంటుంది, దారి పొడుగునా దీపాలు, మంచినీళ్లు, మరుగుదొడ్లు ఉంటాయి. పైన ఊళ్లో తిరగడానికి ధర్మరథం అనే ఉచిత బస్సు. సొంత కారులో వెళ్లదలచుకున్నవాడు మాత్రం చెక్‌పోస్టులో ఆగి, తనిఖీ చేయించుకుని, రుసుము కట్టి వెళ్లాలి. గరుడసేవ రోజున ద్విచక్ర వాహనాలను ఘాట్ మీదికి రానివ్వరు, వాటిని కిందనే ఆపి బస్సుల్లో తీసుకువెళతారు.

ఇక్కడ జరిగిందేమిటో రవాణా శాస్త్రం భాషలో చెప్పాలంటే, నడిచేవాడికి మొదటి గౌరవం, బస్సెక్కేవాడికి రెండవ గౌరవం, కారువాడికి చివరి గౌరవం దక్కింది. జర్మనీలో 1990ల తొలి సంవత్సరాలలో రూపుదిద్దుకుని తరువాత ప్రపంచమంతా పాకిన ఒక క్రమం ఉంది: అవసరం లేని ప్రయాణాన్ని తప్పించు, తప్పని ప్రయాణాన్ని మెరుగైన సాధనం వైపు మళ్లించు, ఆ తరువాతే వాహనాన్ని బాగుచేయి. కొండమీద ఈ మూడూ వరుస తప్పకుండా జరిగాయి. దర్శనం టికెట్టుకు ముందే సమయం కేటాయించడం అంటే ఏమిటి? ఊరకే వచ్చి రోజంతా తిరగవలసిన అవసరాన్ని తప్పించడమే. పుస్తకం చదివి చేశారని నేననను, కొండ ఇరుకు కావడం వల్ల వేరే దారి లేక చేశారు.

అలాగని లోపాలు లేవని కాదు. వారాంతాల్లో కార్ల బారులు మనకు తెలిసినవే. 2023లో నడకదారిలో చిరుతపులి బారిన పడి ఒక చిన్నారి ప్రాణం పోయిన తరువాత, పిల్లలు నడిచే వేళల మీద ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. నిర్వచనంలో సురక్షితం అన్న మాట మొదటి వాక్యంలోనే ఎందుకున్నదో, మనుషుల దారి అడవి గుండా పోయినప్పుడు ప్రకృతికి చేటు లేకుండా అన్న మాటతో దానికి ఎంత ఘర్షణ ఉంటుందో అప్పుడు తెలిసివచ్చింది.

ఇక కొండ దిగి ఊళ్లోకి వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం తిరుపతి నగర జనాభా సుమారు 2.9 లక్షలు. ఇప్పుడు అంతకు చాలా ఎక్కువే ఉంటుంది, దానికి తోడు రోజూ వచ్చిపోయే యాత్రికులు. ఇంతమంది ఉన్న ఊళ్లో నగరం లోపల తిరగాలంటే చాలామందికి షేర్ ఆటోయే దిక్కు అంటే మీరెవరూ కాదనరు. నేను షేర్ ఆటోను తిట్టడానికి ఇక్కడికి రాలేదు. ప్రభుత్వం చేయని పనిని ఆటో డ్రైవరు అప్పు చేసి కొన్న బండితో చేస్తున్నాడు. స్టాప్ అనే మాట లేకుండా చెయ్యెత్తిన చోట ఆపుతున్నాడు. కానీ ముగ్గురు కూర్చోవలసిన చోట ఎనిమిదిమందిని కూర్చోబెట్టి, డ్రైవర్ సీటుకు అటూ ఇటూ మరో ఇద్దరిని వేలాడదీస్తే తప్ప అతనికి కిట్టుబాటు కాదన్నది వాస్తవమైతే, మన నిర్వచనంలోని సురక్షితం, భరించగలగడం అనే రెండు మాటలు ఒకదాన్నొకటి తినేస్తున్నాయన్నమాట.

బస్సు ఉంటే ఎక్కరా? ఎక్కుతారు, వస్తుందన్న నమ్మకం ఉంటే. ఎన్ని నిమిషాలకొక బస్సు వస్తుందో, సగటున అందులో సగం సేపు ప్రయాణికుడు నిలబడాలి. అరగంటకొకటి అయితే పావుగంట ఎండలో నిలబడాలి, ఆ లోపల ఆరు ఆటోలు పిలుస్తాయి. పది నిమిషాలకొకటి అయితే అయిదు నిమిషాలు. అప్పుడు టైమ్ టేబుల్ చూసే పని ఉండదు. దీనికి ఎన్ని బస్సులు కావాలో లెక్క వేయడం చాలా సులభం. మహిళా విశ్వవిద్యాలయం నుంచి బస్టాండు మీదుగా తిరుచానూరు వైపు 10 కిలోమీటర్ల దారి అనుకోండి. ఊళ్లో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే వెళ్లడానికి 40 నిమిషాలు, రావడానికి 40, రెండు కొసల్లోనూ డ్రైవరు టీ తాగి మళ్లీ ఎక్కడానికి పదేసి నిమిషాలు. మొత్తం 100 నిమిషాలు. పది నిమిషాలకొక బస్సు నడపాలంటే పది బస్సులు, చెడిపోతే ఆదుకోవడానికి మరొకటి. ఇటువంటి దారులు ఐదు ఎంచుకుంటే 55 బస్సులు. ఒక పైవంతెనకయ్యే ఖర్చు ముందు దీన్ని పెట్టి చూడండి.

ఇక్కడే ఒక వైరుధ్యం కూడా ఉంది. వేగం గంటకు 15 నుంచి 10 కిలోమీటర్లకు పడిపోతే అదే దారికి పది బస్సులు చాలవు, పద్నాలుగు కావాలి. అంటే రోడ్డు మీద అడ్డంగా నిలిపిన కార్లు ఆర్టీసీకి నాలుగు బస్సుల నష్టం తెస్తున్నాయి. ఆ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు. బస్సులు నష్టాల్లో ఉన్నాయి కాబట్టి తగ్గించండి అనే నిర్ణయం మాత్రం కనిపిస్తుంది.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ వరకు ఐదు రకాల బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం అమలవుతున్నది. దీన్ని నేను రవాణా న్యాయంలో పెద్ద అడుగుగానే చూస్తాను. పలమనేరు నుంచి చిత్తూరుకు రోజూ పనికి వచ్చే స్త్రీకి నెలకు మిగిలే చార్జీ ఆమె ఇంట్లో పాలు, కూరగాయల ఖర్చు. అయితే ఉచితం చేసినంత వేగంగా బస్సుల సంఖ్య పెరగకపోతే, ఆ ఉచితం ఫుట్‌బోర్డు మీద వేలాడడానికే పనికివస్తుంది. ఇంకొక వైపు ఆటోలవాళ్ల గిరాకీ పడిపోయి, ప్రభుత్వం వారికి ఏడాదికి 15,000 రూపాయల సాయం ప్రకటించవలసి వచ్చింది. సాయం మంచిదే. అంతకన్నా మేలైన మార్గం, ఆటోను బస్సుకు పోటీగా కాక కాలనీల నుంచి బస్సు దారి దాకా తెచ్చి దింపే సాధనంగా మలచుకోవడం.

ఎలక్ట్రిక్ బస్సుల గురించి విద్యార్థులు తప్పక అడుగుతారు. 2022 సెప్టెంబరులో తిరుపతికి 100 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించి, అందులో సగం ఘాట్ రోడ్డుకు ఇచ్చారు. ఘాట్‌కు అవి అతికినట్టు సరిపోతాయి. ఎందుకో చూడండి. ప్రయాణికులతో కలిపి 14 టన్నుల బస్సు 700 మీటర్ల ఎత్తు ఎక్కడానికి, రాపిడి సంగతి అటుంచితే, సుమారు 27 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి కావాలి. డీజిల్ బస్సు దిగేటప్పుడు ఆ శక్తి అంతా బ్రేకుల్లో, ఇంజన్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మలుపుల దగ్గర వచ్చే ఆ కాలిన వాసన అదే. ఎలక్ట్రిక్ బస్సు దిగేటప్పుడు మోటారే జనరేటరై బ్యాటరీని నింపుతుంది. సగం తిరిగి వచ్చినా 13 యూనిట్లు మిగిలినట్టే. 2010లో జీవావరణ మండలిగా ప్రకటించిన శేషాచలం అడవిలో పొగ, చప్పుడు లేకపోవడం దానికి తోడు.

కానీ లెక్కను సగంలో ఆపకూడదు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బస్సు కిలోమీటరుకు దాదాపు 670 గ్రాములు వదులుతుంది. 40 మంది ఉంటే మనిషికి 17 గ్రాములు. లీటరు పెట్రోలుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో ఇద్దరుంటే మనిషికి 75 గ్రాముల పైమాటే. ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు 1.2 యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. మన విద్యుత్ గ్రిడ్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుతో వచ్చేదే కాబట్టి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున, కిలోమీటరుకు 840 గ్రాములు. అంటే నేటి గ్రిడ్‌తో చదును నేల మీద అది డీజిల్ బస్సును ఈ ఒక్క విషయంలో ఓడించడం లేదు. ఊరి గాలిని శుభ్రపరుస్తుంది, నిజమే. డిపో పైకప్పుల మీద సౌరఫలకాలు పెట్టి, పగటిపూట చార్జింగ్ చేసే ఏర్పాటు పెరిగేకొద్దీ ఈ అంకె దిగుతుంది. అప్పటిదాకా పదిమందితో తిరిగే ఎలక్ట్రిక్ బస్సు కన్నా, నలభైమందితో నిండుగా వెళ్లే పాత డీజిల్ బస్సే వాతావరణానికి తక్కువ భారం. ఏ ఇంధనం అన్న ప్రశ్నకు ముందు, ఎంతమంది అన్న ప్రశ్న రావాలి.

పైవంతెన గురించి చెప్పకుండా తిరుపతిలో ఈ ప్రసంగం పూర్తి కాదు. స్మార్ట్ సిటీ నిధులతో, దేవస్థానం వాటాతో కట్టిన శ్రీనివాస సేతు 2023లో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. బయటినుంచి వచ్చే యాత్రికుడు ఊరి రద్దీలో ఇరుక్కోకుండా కపిలతీర్థం వైపు సాగిపోగలుగుతున్నాడు. అది నిజమైన మేలే. అయితే 1962లోనే ఆంథొనీ డౌన్స్ అనే అమెరికన్ అర్థశాస్త్రవేత్త, కొత్త రోడ్డు ఇచ్చిన వెసులుబాటును కొత్త వాహనాలు వచ్చి నింపేస్తాయని చూపించాడు. ఈ వంతెన సుస్థిరమా కాదా అన్నది దాని మీద పోయే కార్ల వేగాన్ని బట్టి తేలదు, కింద తేలుతుంది. పైకి వెళ్లిపోయిన వాహనాల వల్ల కింద ఖాళీ అయిన చోటును బస్సుకూ, నడిచేవాడికీ ఇచ్చామా, లేక పార్కింగుకు వదిలేశామా?

నడిచేవాడి సంగతి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో స్పష్టంగానే ఉంది. ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. ఒక టేపు తీసుకుని మన వీధుల్లో ఎక్కడైనా కొలవండి. ట్రాన్స్‌ఫార్మర్ కంచె, దుకాణం ముందు వేసిన వాలుమెట్టు, టిఫిన్ బండి, పైకెక్కించిన మోటారు సైకిళ్లు, మూత లేవనెత్తిన కాలువ, వీటి మధ్య మిగిలేది ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత. గట్టు ఎంత ఎత్తంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ దాన్ని ఎక్కడం కన్నా రోడ్డు మీద నడవడమే మేలనుకుంటుంది. టిఫిన్ బండివాణ్ణి తరిమేయండని నేను చెప్పడంలేదు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది, వాళ్లకు చోటు గుర్తించి ఇవ్వవలసిన బాధ్యత పట్టణ కమిటీలకు ఉంది. బండి ఉండాలి, దాని పక్కన 1.8 మీటర్లు కూడా ఉండాలి. ఆ చోటు కారు పార్కింగు నుంచి రావాలి.

చిత్తూరు వైపు సమస్య వేరు, అక్కడ మనుషుల కన్నా సరుకు పెద్దది. జూన్, జూలై నెలల్లో తోతాపురి కోతలు మొదలైతే గుజ్జు పరిశ్రమల గేట్ల ముందు ట్రాక్టర్లు కిలోమీటర్ల పొడవున బారులు తీరుతాయి. రైతు ట్రాలీ మీదనే నిద్రపోతాడు, కాయ ఎండకు మెత్తబడుతుంది, రోడ్డు సగం మూసుకుపోతుంది, అంబులెన్సు ఆగుతుంది. దీనికి రోడ్డు వెడల్పు చేయడం మందు కాదు. ఏ రైతు ఏ రోజు, ఏ పూట రావాలో ముందే టోకెన్ ఇచ్చే పద్ధతిని కచ్చితంగా పాటిస్తే సగం బారు రోడ్డెక్కదు. దర్శనానికి సమయం కేటాయించగలిగిన జిల్లాలకు మామిడికాయకు సమయం కేటాయించడం ఎందుకు కష్టం కావాలి? ఇక తిరుపతి, పాకాల, చిత్తూరు, కాట్పాడి రైలు మార్గం 104 కిలోమీటర్లను రెండు వరుసలు చేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. వేలూరు ఆసుపత్రులకు వెళ్లే మన రోగులకూ, ఇటు వచ్చే యాత్రికులకూ ఈ లైనే ఆధారం. ఒంటి లైను మీద ఎదురు బండి కోసం పాకాలలో నిలబడే సమయం తగ్గితే, గంటకొక పాసింజరు నడిపే వీలు వస్తుంది. నడపాలి, అడగాలి కూడా. లేకుంటే ఆ సామర్థ్యమంతా దూరప్రాంతపు రైళ్లకే పోతుంది.

కొండమీద సాధ్యమైనది కింద ఎందుకు సాధ్యం కాలేదో ఇప్పుడు చెప్పవచ్చు. కొండమీద రోడ్డు, నడకదారి, పార్కింగు, రుసుము అన్నీ ఒకే యాజమాన్యం కిందివి. కింద ఫుట్‌పాత్ నగరపాలక సంస్థది, పక్కనున్న రోడ్డు ఆర్ అండ్ బీది కావచ్చు, బైపాస్ జాతీయ రహదారులది, లేఅవుట్ తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడాది, బస్సు ఆర్టీసీది, ఆటో పర్మిట్ రవాణా శాఖది, సిగ్నల్ పోలీసులది, గేటు రైల్వేది. వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే ఏకీకృత రవాణా సంస్థను పది లక్షలు దాటిన నగరాలకు 2006 విధానం సూచించింది. మన ఊరు ఆ లెక్కలోకి రాదు. కానీ రోజూ వచ్చే యాత్రికులను కలుపుకుంటే మనకు ఆ అవసరం పెద్ద నగరాలకు తీసిపోదు. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన, నెలకొకసారి కూర్చుని, ఊళ్లో వసూలయ్యే పార్కింగు రుసుము మొత్తాన్ని సిటీ బస్సులకూ ఫుట్‌పాత్‌లకూ తప్ప మరి దేనికీ ఖర్చు చేయకూడదనే కట్టుబాటుతో ఒక కమిటీ వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

విద్యార్థులకు ఒక పని అప్పగించి ముగిస్తాను. లీలామహల్ కూడలి, అన్నమయ్య కూడలి, బస్టాండు ముందు భాగం, ఈ మూడు చోట్ల పనిదినాన ఉదయం 8 నుంచి 10 వరకు నిలబడి లెక్కపెట్టండి. వాహనాలను లెక్కపెట్టే సర్వేలు చాలానే ఉంటాయి, మీరు మనుషులను లెక్కపెట్టండి. బస్సులో ఎంతమంది, ఆటోలో ఎంతమంది, కారులో ఎంతమంది, బైకు మీద, సైకిలు మీద, కాలినడకన ఎంతమంది. నడిచేవారిలో రోడ్డు మీద నడిచినవారు, ఫుట్‌పాత్ మీద నడిచినవారు వేరువేరుగా. రోడ్డు దాటడానికి ఒక్కొక్కరు ఎన్ని సెకన్లు ఆగారో కూడా రాయండి, వారిలో వృద్ధులను విడిగా. తరువాత ఆ రోడ్డు వెడల్పులో ఎన్ని అడుగులు ఎవరికి కేటాయించి ఉన్నదో టేపుతో కొలిచి, రెండు పట్టికలనూ పక్కపక్కన వేసి, కలెక్టరుగారికీ కమిషనరుగారికీ అందజేయండి. తెలుగులో రాయండి, ఒక ప్రతి ఆటో స్టాండులో కూడా అంటించండి. దసరా బ్రహ్మోత్సవాలకు ట్రాఫిక్ ప్రణాళిక తయారుచేసేవారు ముందు ఏర్పాట్ల సమావేశాలే పెడతారు. మీ పట్టికలు ఆ సమావేశాలకు ముందే వాళ్ల బల్ల మీదికి చేరాలి.